అలుగు పొలుసులో మహిమ ఉందా?

నేలపై సంచరించే జంతువులూ, రెక్కలతో ఎగిరే పక్షులూ మనలాంటి సముదాయాలేనని దివ్య ఖుర్ఆన్ (అల్ అన్ఆమ్: 38) తెలుపుతోంది. అలాంటి ఒక సముదాయం కర్నూలు, కడప ప్రాంతాల మీదుగా సాగే నల్లమల కొండల్లో మన పొరుగునే ఉంది. అదే అలుగు.

అలుగుకు పళ్లు లేవు. రాత్రిపూట బయటికొచ్చి, బలమైన గోళ్లతో పుట్టలు తవ్వి, జిగట నాలుకతో చీమలనూ చెదలనూ తింటుంది. వేరుశనగ చేలో చెదల బెడద ఎంతటిదో మన సీమ రైతుకు వేరే చెప్పనక్కర్లేదు. అపాయం ఎదురైతే అలుగు బంతిలా ముడుచుకుంటుంది. ఆ పొలుసుల కవచం క్రూరమృగాల నుంచి కాపాడుతుంది గానీ, ఎత్తి సంచిలో వేసుకునే మనిషి నుంచి కాపాడలేదు. సాధారణంగా ఒక కాన్పులో ఒకే పిల్ల పుడుతుంది కనుక, పోయినవాటి లోటు త్వరగా తీరదు.

దాన్ని ఎందుకు చంపుతున్నారు? మాంసం కోసం, అంతకంటే ఎక్కువగా పొలుసుల కోసం. పొలుసు రోగాలు కుదురుస్తుందని, ఉంగరంగానో తాయెత్తుగానో ధరిస్తే కీడు తొలగుతుందని కొందరి నమ్మకం. నిజానికి మన గోరు ఏ పదార్థంతో తయారైందో ఆ పొలుసూ దానితోనే తయారైంది. చైనా ప్రభుత్వం సైతం 2020లో తన అధికారిక ఔషధ గ్రంథంలోని ముడి ఔషధాల జాబితా నుంచి దాన్ని తొలగించింది.

హజ్రత్ ఉమర్ (రజి) హజ్రె అస్వద్‌ను ముద్దాడుతూ, అది లాభనష్టాలు కలిగించలేని రాయి మాత్రమేనని, దైవప్రవక్త (స) ముద్దాడటం చూసినందువల్లే తానూ ముద్దాడుతున్నానని అన్నారు (బుఖారీ). కాబా గోడలోని రాయి సంగతే అదైతే, చంపిన జంతువు పొలుసు ఏపాటిది? తాయెత్తు కట్టుకోవడం షిర్క్ అని ప్రవక్త (స) హెచ్చరించారు (ముస్నద్ అహ్మద్).

"మేము వేటాడలేదు, కొన్నామంతే" అనడం కూడా చెల్లదు. కొనేవారు లేకుంటే ఉచ్చు పన్నేవారూ ఉండరు. పాపంలో ఒకరికొకరు తోడ్పడవద్దన్నది ఖుర్ఆన్ (అల్ మాయిదా: 2) ఆదేశం. చట్టం మాటకొస్తే, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో అలుగు ఉంది. 2022 సవరణ ప్రకారం దాన్ని వేటాడినా, పొలుసులు అమ్మినా, కొన్నా 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా.

వేట ఒక్కటే కాదు. ఎండాకాలంలో అడవికి నిప్పు పెడితే అలుగు నీడా, ఆహారమూ రెండూ పోతాయి. ఒక చీమ కుట్టిందని చీమల పుట్టనే కాల్పించిన ఒక ప్రవక్తను అల్లాహ్ మందలించిన వృత్తాంతం హదీసులో ఉంది (బుఖారీ, ముస్లిం). ఆ చీమలు దైవాన్ని స్తుతించే సముదాయమట! మరి అడవినే తగలబెడితే ఏం సమాధానం చెప్పగలం?

కాబట్టి సోదర సోదరీమణులారా! ఇంట్లో జబ్బు చేస్తే వైద్యుణ్ణి సంప్రదిద్దాం, స్వస్థత కోసం అల్లాహ్‌నే వేడుకుందాం. పొలుసు అమ్మజూపితే నిరాకరిద్దాం. పొలంలోకి అలుగు వస్తే కొట్టకుండా, పట్టకుండా అటవీ సిబ్బందికి కబురు చేద్దాం. దాని ప్రాణం కూడా మన చేతుల్లో అల్లాహ్ ఉంచిన అమానతే.