బండ వేడిని బండ ఉన్నచోటే కొలవాలి



ఉష్ణ వాహకత్వం పాఠం రాగానే పిల్లలు నిర్వచనం, ప్రమాణం బట్టీ పట్టేస్తారు. మార్కులూ వస్తాయి. కానీ రామసముద్రం, పుంగనూరు దారుల్లో ఎటు చూసినా కనిపించే గ్రానైట్ గుండ్లకు ఆ పాఠంతో సంబంధం ఉందని వాళ్లకు తట్టదు. ఈసారి మీరు చెప్పి చూడండి.

రామసముద్రం అవతల రాష్ట్ర సరిహద్దు దాటితే కోలారు జిల్లా. అక్కడి కె.జి.ఎఫ్. బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. అప్పటికి వాటి లోతు 3 కిలోమీటర్ల పైమాటే. అడుగున రాయి వేడి 60 డిగ్రీలు దాటేది. అక్కడ మనిషి పనిచేయాలంటే పైనుంచి చల్లగాలి పంపాలి. ఎంత పంపాలో లెక్క వేయాలంటే, రాయి ఎంత వేగంగా వేడిని వదులుతుందో తెలియాలి.

రాతిముక్క కోసుకొచ్చి ల్యాబులో కొలిస్తే చాలదా? చాలాసార్లు అలాగే చేస్తారు. అయితే ఒక చిక్కుంది. భూమిలో ఉన్నప్పుడు రాతి పగుళ్లలో నీరుంటుంది, పైనున్న బరువు ఆ పగుళ్లను నొక్కిపెడుతుంది. బయటికి తీస్తే అవి విచ్చుకుంటాయి. నీరు ఆరి గాలి చేరుతుంది. గాలికంటే నీరు 20 రెట్లకు పైగా బాగా వేడిని మోస్తుంది. మరి ఆరిన ముక్క చెప్పే అంకెను ఎంతవరకు నమ్మాలి?

అందుకే బోరులోకి సన్నని హీటరు కడ్డీ దించి, ఒకే రీతిన వేడి ఇస్తూ, ఉష్ణోగ్రత ఎలా పెరుగుతుందో గమనిస్తారు. నిదానంగా పెరిగితే చుట్టూ ఉన్న రాయి వేడిని చకచకా లాగేసుకుంటోందన్నమాట. బోరు వేసిన వెంటనే భూమి అసలు ఉష్ణోగ్రత తెలియదు. డ్రిల్లింగ్ చెదరగొట్టిన వేడి సర్దుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. హైదరాబాద్‌లోని ఎన్.జి.ఆర్.ఐ. శాస్త్రవేత్తలు దక్షిణాది బోరుల్లో దశాబ్దాలుగా ఇలాంటి ఓపిక పనే చేస్తున్నారు.

మీ ఇంట్లో బోరు అక్కర్లేదు, మిద్దె చాలు. ఎండ బాగా కాసే ఒక సెలవురోజు రెండు మామూలు థర్మామీటర్లు తీసుకోండి (జ్వరం చూసేది పనికిరాదు). ఒకటి మిద్దెపైన, ఒకటి లోపల పైకప్పుకు ఆనించి పెట్టండి. ఉదయం 10 నుంచి రాత్రి 9 వరకు గంటకోసారి మీ అబ్బాయి లేదా అమ్మాయి చేత రాయించండి. మధ్యాహ్నం పైకి వెళ్లేటప్పుడు చెప్పులు తప్పనిసరి. పైన వేడి తారస్థాయికి చేరిన కొన్ని గంటలకు గానీ లోపల చేరదు. ఆ ఆలస్యం ఎంతో పిల్లలనే గ్రాఫు గీసి కనిపెట్టనివ్వండి. బండల మిద్దె, సిమెంటు మిద్దె రెండూ దగ్గరలో ఉంటే ఇంకా మంచిది. గ్రాఫులను సైన్స్ టీచరుకు చూపించమనండి.