ఇంట చుట్టల నిల్వ – వేడిమి ప్రభావము

గోదావరి లంకలలో పండు పొగాకు చుట్టలకు చిరకాలముగా పేరు పొందినది. ఆ ఆకుతో చుట్టలు చుట్టి అమ్ము కుటుంబములు, మంచి బేరము వచ్చువరకు సరకును ఇంటనే దాచుకొను చిన్న వర్తకులు నేటికిని ఉన్నారు. వేసవిలో అటకపై పెట్టిన కట్టలను వానకాలములో విప్పి చూచినచో, చుట్టలకు ఆవగింజ పట్టునంత రంధ్రములు, కట్ట అడుగున మెత్తని పొడి కనిపించుట కలదు. ఒక పెట్టె సరకు ఇట్లు చెడినచో చిన్న సంసారమునకు అది కొన్ని నెలల కష్టము. ఈ నష్టమునకు వేడిమి ఎంతవరకు కారణము? ఇంటిలో దానిని అదుపు చేయుట అవసరమా? అవసరమే, కాని అందుకు ఖరీదైన యంత్రములు అక్కరలేదు.

తేమకు, వేడిమికి గల సంబంధము

చుట్ట మెత్తగా, చక్కగా కాలునట్లుండుటకు దాని చుట్టు గాలిలో 65 నుండి 70 శాతము తేమ ఉండవలెను. బాగుగా తగ్గినచో పై ఆకు పెళుసై బీటలు వారును. 75 శాతము దాటి చాలకాలమున్నచో బూజు పట్టి ముక్కిన వాసన వేయును.

వేడిమి మారినచో ఈ తేమ శాతము కూడ మారును. 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద 70 శాతము తేమ గల గాలిని, నీరు చేర్చక 30 డిగ్రీలకు వేడిచేసినచో తేమ శాతము సుమారు 39కి పడిపోవును. ఇందుకు విరుద్ధముగా, 35 డిగ్రీల వద్ద 60 శాతము తేమ గల గాలి 25 డిగ్రీలకు చల్లబడినచో నీటి బిందువులు ఏర్పడును. పెట్టె నిండుగా ఉన్నప్పుడు ఆకే తేమను పీల్చుచు, విడుచుచు ఈ మార్పును కొంత సర్దుకొనును. సగము ఖాళీగా ఉన్న పెట్టెలో ఆ సర్దుబాటు తక్కువ. కావున పగలు కాగి రాత్రి చల్లబడు చోటు కంటె, కొంచెము వెచ్చగా ఉన్నను మార్పులేని చోటు మేలు.

పెంకు పురుగు

రంధ్రములు చేయునది లాసియోడెర్మా సెర్రికార్నే అను చిన్న పెంకు పురుగు. ఇది 2 నుండి 3 మిల్లీమీటర్ల పొడవుండి, గోధుమ ఎరుపు రంగులో గూనివీపుతో ఉండును. ఆకును తొలిచి తినునది ముఖ్యముగా దీని పిల్లపురుగు. పెరిగిన పురుగు రంధ్రము చేసికొని బయటకు వచ్చును. పసుపు కొమ్ములు, ధనియాలు, అల్లపు శొంఠి, ఎండుమిరప కూడ దీనికి ఆహారమే.

సుమారు 30 డిగ్రీల వేడిమి, 70 శాతము తేమ దీనికి మిక్కిలి అనుకూలము. అప్పుడు గ్రుడ్డు నుండి రెక్కల పురుగగుటకు నెల రోజులకు కొంచెము అటుఇటుగా పట్టును. 20 డిగ్రీల వద్ద అదే పెరుగుదలకు నాలుగు నెలల వరకు పట్టవచ్చును. చుట్టకు మేలు చేయు తేమయే పురుగునకును మేలు చేయును గనుక, ఇచ్చట వేడిమి ప్రాధాన్యము వహించుచున్నది.

ఎంత చల్లదనము కావలెను?

చుట్టలను 21 డిగ్రీల వేడిమిలో, 70 శాతము తేమలో ఉంచవలెనని పెద్ద వ్యాపారులు చెప్పుదురు. మన కోస్తా ఇండ్లలో సంవత్సరమంతయు 21 డిగ్రీలు నిలుపుట సాధ్యము కాదు. రాత్రి మాత్రము ఏసీ నడిపి పగలు ఆపినచో మార్పులు అధికమగును, గాలియు ఆరిపోవును. పురుగును ముందే చంపి, సరకును ఇంటిలో చల్లని తావున ఉంచుట ఆచరణయోగ్యము.

ఆచరించవలసిన పద్ధతులు

1. పెట్టెను రేకుల కప్పు క్రింద, అటకపై, వంటగదిలో, పడమటి ఎండ తగులు గోడ ప్రక్కన ఉంచరాదు. ఇంటి నడిమి గదిలో, నేలకు ఇటుకల ఎత్తున, గోడకు ఎడముగా ఉంచవలెను.

2. మూత బిగువుగా పట్టు, వాసన లేని పెట్టెను ఎన్నుకొనవలెను. పాత ఆకు పొడిని పూర్తిగా తుడిచిన పిమ్మటనే క్రొత్త సరకు పెట్టవలెను.

3. కొద్ది సరకైనచో పాలిథీన్ సంచిలో గాలి చొరకుండ మూసి, మైనస్ 18 డిగ్రీలుండు ఫ్రీజరులో ఒక వారము ఉంచినచో గ్రుడ్లతో సహా పురుగు చచ్చును. తరువాత ఒక దినము ఫ్రిజ్ క్రింది అరలో ఉంచి, బయటకు తీసి, గది వేడిమికి వచ్చువరకు సంచి విప్పరాదు. ముందే విప్పినచో నీరు పట్టును. క్రింది అర చల్లదనము పురుగు పెరుగుదలను ఆపునే గాని, దానిని చంపునని నమ్మరాదు.

4. తేమమాపకమును వాడువారు దానిని ముందుగా పరీక్షించవలెను. సీసా మూతలో ఉప్పు పోసి, కొలది నీటి చుక్కలతో ముద్దగా తడిపి, మాపకముతోపాటు మూసిన డబ్బాలో ఎనిమిది గంటలుంచినచో 75 శాతము చూపవలెను.

5. పసుపు, ధనియాలు ఉన్న గదిలో చుట్టలు ఉంచరాదు.

6. వేసవి, వానకాలములలో 15 దినములకొకసారి పెట్టె అడుగున పొడి కలదేమో చూడవలెను. పట్టిన కట్టను వెంటనే వేరుచేయవలెను.

చేయరాని పనులు

తడిగుడ్డ కప్పుట, పచ్చి వేపాకు పరచుట వలన బూజు పట్టును. పురుగు మందులు చల్లరాదు. కలరా ఉండలు వేయరాదు. గిడ్డంగులలో శిక్షణ పొందినవారు వాడు అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్లలను ఇంటిలోనికి తేనేరాదు. వాటినుండి వెలువడు ఫాస్ఫీన్ వాయువు మూసిన గదిలో నిద్రించువారి ప్రాణములు తీయును. ఈ విషయమును గ్రామాధికారులు చుట్టలు చుట్టు కుటుంబములకు ప్రత్యేకముగా తెలుపవలెను.

నిల్వ ఎంత బాగుగా ఉన్నను పొగాకు వలన ఆరోగ్యమునకు కలుగు హాని తగ్గదు. చుట్ట నోటి క్యాన్సరుకు కారణము. ఉత్తరాంధ్రలో నిప్పును నోటిలో పెట్టుకొని త్రాగు అడ్డపొగ వలన అంగిలికి ఈ వ్యాధి వచ్చుట వైద్యులెరిగినదే. ఇచ్చట చెప్పినది సరకుపై ఆధారపడి బ్రదుకువారి నష్టము తగ్గించుటకే. ఈ సంవత్సరము సరకు దాచువారు ఎండలు ముదరక పూర్వమే పెట్టెలు శుభ్రపరచి, చోటు మార్చుకొనవలెను.