కాస్ సరస్సు గట్టున తెల్లతల గ్రద్దలు

అమెరికా సంయుక్త రాష్ట్రముల ఉత్తరపు సరిహద్దున మిన్నెసోటా అను రాష్ట్రము కలదు. మిసిసిపీ మహానదికి జన్మస్థానమైన ఇటాస్కా సరస్సు ఈ రాష్ట్రమునందే యున్నది. అచట పిల్లకాలువవలె బయలుదేరిన ఆ నది కొంతదూరము సాగి కాస్ సరస్సులో ప్రవేశించి, దానినుండి వెలువడి, విన్నిబిగోషిష్ అను మఱియొక పెద్ద సరస్సును చేరును. ఈ నీటిపట్టుల చుట్టును వ్యాపించిన అడవికి చిప్పెవా జాతీయారణ్యమని పేరు. అందు చిన్నవియు పెద్దవియు కలిపి సుమారు 1,300 సరస్సులు కలవు. కాస్ సరస్సు నడుమ స్టార్ ఐలెండు అను లంక యొకటి యున్నది. ఆ లంక మధ్యమున విండిగో అను చిన్న సరస్సున్నది. సరస్సులో లంక, లంకలో మరల సరస్సు!

ఈ ప్రాంతము ఓజిబ్వే అను ఆదివాసుల నివాసభూమి. సరస్సుల అంచున తనంతట పండు నివ్వరి ధాన్యమును వారు నేటికిని పడవలపై పోయి, కఱ్ఱలతో తట్టి రాల్చుకొందురు. గ్రద్దను వారు ‘మిగిజి’ యని పిలిచి మిక్కిలి గౌరవింతురు.

వేసవిలో పట్టణవాసులు పిల్లలతో వచ్చి సరస్సు గట్టున గుడారములు వేసికొని కొన్నాళ్లు గడపుదురు. అటవీశాఖవారు అందులకై విడిదిపట్టులను ఏర్పఱచినారు. చదునైన నేల, ఒక బల్ల, ఇనుపకమ్ములు పఱచిన పొయ్యి, ఇంతకు మించిన సౌకర్యము లంతగా నుండవు. తినుబండారములను మాత్రము గుడారములో నుంచరాదు. వాసన పసిగట్టి నల్ల ఎలుగుబంట్లు వచ్చును. మనుష్యుల తిండి మరగిన ఎలుగు మరల మరల వచ్చును. తుదకు దానిని కాల్చి చంపవలసిన గతి పట్టుటయు కలదు. కావున సంచులను కారులో పెట్టి తాళము వేయుట ఎలుగునకును మేలు.

తెల్లవాఱుజామున లేచి, సడి చేయక నీటియొడ్డున కూర్చున్నవారికి అడవి తనంతట కనబడును. తెల్లతోక జింక నీరు త్రాగ వచ్చును. బీవరు నోట కొమ్మ కఱచుకొని ఈదుచు పోవును. అలికిడి విన్నచో తోకతో నీటిని ఛటాలున చఱచి మునిగిపోవును. నీటికుక్కలు ఒకదానివెంట నొకటి జాఱుచు ఆడుకొనును. నలుపు తెలుపు చుక్కలు గల లూన్ అను నీటిపక్షి కూత సరస్సంతటను మాఱుమ్రోగును. దానిని తొలిసారి రాత్రివేళ విన్నవారు ఎవరో ఏడ్చుచున్నారని ఉలికిపడుటయు కలదు.

ఇంతలో ఎత్తైన ఎఱ్ఱ దేవదారు కొననుండి పెద్ద పక్షి యొకటి ఱెక్కలు విప్పి నీటిపైకి దిగును. దాని ఱెక్కల వెడల్పు ఆఱు అడుగులనుండి ఏడున్నర అడుగుల దాక నుండును. తలయు తోకయు తెలుపు. తక్కిన యొడలు ముదురు గోధుమవన్నె. ఇదియే తెల్లతల గ్రద్ద. ఇంగ్లీషు పేరును బట్టి దీనిని ‘బట్టతల గ్రద్ద’ యనుట పొరపాటు. ఆ మాటకు పూర్వము ‘తెల్లని’ యను అర్థము కూడ కలదు. తల తెల్లబడుటకు నాలుగైదేండ్లు పట్టును. అంతవఱకు పిల్ల గోధుమరంగుననే యుండుటచే చాలమంది దానిని వేఱొక జాతిగా భ్రమింతురు. మన సముద్రతీరమున చేపలు పట్టు తెల్లపొట్ట గ్రద్ద దీనికి దగ్గఱి చుట్టము.

చేప నీటిపైకి వచ్చినపుడు ఈ పక్షి తటాలున వ్రాలి గోళ్లతో తన్నుకొనిపోవును. చేప మోయలేనంత పెద్దదైనచో నీటిలో పడి, ఱెక్కలనే తెడ్లుగా వేయుచు ఒడ్డునకు ఈదును. దీని కూత వినినవారికి మాత్రము ఆశాభంగము తప్పదు. ఇంత పక్షికి కోడిపిల్ల కిచకిచవంటి సన్నని గొంతు! సినిమాలలో వినవచ్చు గంభీరమైన కేక తఱచుగా మఱియొక డేగది.

1782వ సంవత్సరమున అమెరికావారు తమ రాజముద్రపై ఈ పక్షిని నిలిపిరి. చట్టప్రకారము జాతీయపక్షి యైనది మాత్రము 2024 డిసెంబరులోనే. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1784లో కుమార్తెకు వ్రాసిన లేఖలో ఈ పక్షి నడవడి మంచిది కాదని ఆక్షేపించెను. చేపలగ్రద్ద కష్టించి పట్టిన చేపను ఇది దోచుకొనునట. ఆ మాట అసత్యము కాదు. అయినను పిల్లలకు ఆహారము తెచ్చు పక్షికి మనుష్యుల ధర్మశాస్త్రమును వర్తింపజేయుట ఎంతవఱకు న్యాయమో!

దీని గూడు పుల్లలతో కట్టిన మంచెవంటిది. ఏటేట దానికే క్రొత్త పుల్లలు చేర్చుటచే అది పెరుగుచు పోవును. ఫ్లోరిడాలో కనుగొన్న ఒక గూడు 20 అడుగుల లోతు, రెండు టన్నులకు మించిన బరువు కలదై యుండెను. అంత బరువు మోయుటకు ముసలి వృక్షములు కావలెను. చిప్పెవా అడవిలో అట్టి మహావృక్షములను కలపకై చాలవఱకు నఱికివేసిరి. 1882లో భూమిని కొలిచినవారు 144 ఎకరముల అడవిని పటములో పొరపాటున సరస్సుగా గుర్తించుటచే గొడ్డలి అచటికి పోలేదు. లెక్క తప్పుటచే మేలు జరిగిన సందర్భములు అరుదు. ఆ చెట్లు నేటికిని నిలిచియున్నవి.

ఆ దేశమున ఈ పక్షులు దాదాపు నశించిన కాలమొకటి కలదు. చార్లెస్ బ్రోలీ అను బ్యాంకు ఉద్యోగి పదవి విరమించి, 1939 మొదలు ఫ్లోరిడాలో చెట్లెక్కి గ్రద్దపిల్లల కాళ్లకు గుర్తుకడియములు తొడుగసాగెను. అప్పటికి ఆయనకు అఱువదేండ్ల వయస్సు! అట్లు వేయికి పైగా పిల్లలకు తొడిగెను. 1947 తరువాత గూళ్లలో పిల్లలు తఱిగిపోవుట ఆయన గమనించెను. కారణము డి.డి.టి. మన గ్రామములలోను మలేరియా దోమలను చంపుటకు చల్లిన మందు ఇదియే. పొలములపైనను మురుగునేలలపైనను చల్లిన మందు నీటిలో చేరి, నాచునుండి పురుగునకు, పురుగునుండి చేపకు, చేపనుండి గ్రద్దకు ప్రాకుచు ప్రతి మెట్టునను చిక్కబడెను. దానిచే గ్రుడ్డు పెంకు పలుచనై, పొదుగు తల్లి బరువునకే చిట్లిపోయెను. బిడ్డకు వెచ్చదనమిచ్చు రొమ్మే దానికి మృత్యువాయెను.

1962లో రేచల్ కార్సన్ ‘సైలెంట్ స్ప్రింగ్’ అను గ్రంథమున ఈ సంగతులను వెల్లడించెను. 1963 నాటి లెక్కలో, అలాస్కా, హవాయిలు గాక తక్కిన 48 రాష్ట్రములలో గూడుకట్టిన జంటలు 417 మాత్రమే. 1972లో డి.డి.టి. వాడుకను ఆ ప్రభుత్వము నిషేధించెను. పిమ్మట గూళ్లకు కాపుదల కల్పించిరి; పక్షులు లేని రాష్ట్రములకు అలాస్కా మున్నగు చోట్లనుండి పిల్లలను కొనిపోయి పెంచి విడిచిరి. 2007లో జంటలు 9,789 కాగా, అంతరించు ప్రాణుల పట్టికనుండి ఈ పక్షిని తొలగించిరి. 2019 నాటికి జంటలు 71,000 దాటినవని అంచనా.

గూటికి 330 అడుగుల లోపలికి పోరాదని అటవీశాఖవారు హెచ్చరింతురు. బెదరిన తల్లి లేచిపోయినచో గ్రుడ్లు చల్లబడును. బైనాక్యులరు గలవానికి ఆ దూరము అడ్డు కాదు.

నేడు ఈ పక్షులకు వచ్చిన ఆపద సీసము. గాలపు తాటికి కట్టు సీసపు గుండ్లు నీటి అడుగున పడియుండును. ఆహారము నలుగుటకై గులకరాళ్లు మ్రింగు లూన్ పక్షి వానిని రాళ్లనుకొని మ్రింగును. ఒక్క గుండు చాలును, అది చచ్చుటకు. వేటగాండ్రు జింకను కొట్టి అడవిలో విడిచిన ప్రేగులలో తూటా తునకలుండును. వానిని గ్రద్దలు తినును. 38 రాష్ట్రములలో 1,210 గ్రద్దలను పరీక్షించి 2022లో ప్రకటించిన పరిశోధనలో దాదాపు సగము పక్షులయందు దీర్ఘకాలపు సీసవిషము కనబడెను.

మిన్నెసోటా విశ్వవిద్యాలయమున 1974లో నెలకొల్పిన వేటపక్షుల వైద్యశాలకు ఇట్టి గ్రద్దలను తెత్తురు. అవి తల నిలుపలేవు, ఱెక్కలు వ్రేలాడుచుండును. రక్తమునుండి సీసమును తీయు మందు నిత్తురు. ఆలస్యముగా వచ్చినవి బ్రదుకుట అరుదు. కోలుకొన్నవానిని విడిచిపెట్టుదురు. కొందఱు వేటగాండ్రు రాగి తూటాలకును, జాలరులు తగరపు గుండ్లకును మాఱినారు. తగరపు గుండు వెల కొంచె మెక్కువ. చేప మాత్రము దానికిని పడును.