చుక్కాని పట్టేముందు: ఒక పాత సరంగు మాటలు

గోదావరి మీద లాంచీ నడిపి, ఇప్పుడు మాదాపూర్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాను. ఈ ఆఫీసుల కుర్రకారు సెలవొస్తే దుర్గం చెరువులో పెడల్ బోటు తొక్కుతారు, వికారాబాద్ దగ్గర కోట్‌పల్లిలో కయాక్ వేస్తారు, పాపికొండలు చూడ్డానికి వెళ్తారు. మా అబ్బాయి స్నేహితులు ఇంటికొచ్చినప్పుడు నేను చెప్పేవి ఇవి.

1. చెరువే కదా అనకండి. 2024 జనవరి 18న వడోదరలోని హర్ణి చెరువులో బోటు తిరగబడి 12 మంది బడిపిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. అక్కడ వరదా లేదు, సుడీ లేదు. పట్టేదానికన్నా ఎక్కువమందిని ఎక్కించారు, అందరికీ లైఫ్ జాకెట్లు లేవు. అంతే.

2. నీళ్లు చూసి బోటు కట్టేయడం కూడా నడపడంలో భాగమే. 2019 సెప్టెంబరు 15న రాయల్ వశిష్ట లాంచీ 77 మందితో వరద గోదావరిలో వెళ్లి కచ్చులూరు దగ్గర మునిగింది. 26 మందే బతికారు. లాంచీని పైకి తీసేసరికి అక్టోబరు 22 అయింది. పాపికొండల దగ్గర నది ఇరుకు, లోతు. వరదకు నీళ్లు కొండకు కొట్టుకుని సుళ్లు తిరుగుతాయి. సుడిలో పడ్డాక ఇంజను ఎంత జోరు పెట్టాలో, జనాన్ని ఎటు కూర్చోబెట్టాలో అప్పుడు ఆలోచించే వ్యవధి ఉండదు. భయపడ్డవాళ్లంతా ఒక పక్కకు చేరతారు, బోటూ అటే ఒరుగుతుంది. ఇవన్నీ ఒడ్డున ఉండగానే ఒంటబట్టాలి. "ఇవాళ వద్దు" అని ఓనరుకు ఎదురు చెప్పే ధైర్యం కూడా, నన్నడిగితే, పద్ధతిగా నేర్చుకున్నవాడికే కాస్త ఎక్కువ.

3. జాకెట్ బకిళ్లన్నీ పెట్టుకోండి. ఫొటో కోసం విప్పకండి.

4. నేర్చుకోవడాన్ని ఎవరిష్టానికి వాళ్లకు వదిలేయకూడదు. 1917 నాటి చట్టాన్ని తీసేసి 2021లో కొత్త ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం తెచ్చారు. ఇంజను బోట్లకు రిజిస్ట్రేషన్, సర్వే, నడిపే సిబ్బందికి యోగ్యతా పత్రం అన్నారు, బాగుంది. ఇంజను లేని పడవల సంగతి రాష్ట్రాల మీద, స్థానిక సంస్థల మీద పెట్టారు. మరి ఆదివారంపూట కయాక్ ఎక్కే మనిషికి గంటసేపు పాఠం ఎవరు చెప్పాలి? గోవాలో కేంద్ర ప్రభుత్వ వాటర్ స్పోర్ట్స్ సంస్థ ఉంది, పవర్‌బోటు నడపడం, మునిగేవాణ్ని కాపాడటం నేర్పుతుంది. సరదాకి నడిపేవాళ్లు దాని గడప తొక్కేది తక్కువే.

కెనడాలో ఇంజను ఉన్న సరదా బోటు ఎవరు నడిపినా, పరీక్ష రాసి తెచ్చుకునే కార్డో మరో రుజువో చూపాలి. 2009 సెప్టెంబరు 15 నుంచి అది అందరికీ వర్తించింది. కచ్చులూరుకు సరిగ్గా పదేళ్ల ముందు. అమెరికా కోస్ట్ గార్డ్ లెక్కల్లో, నడిపినవాడి శిక్షణ సంగతి తెలిసిన మరణాల్లో ఏటా దాదాపు నాలుగింట మూడు వంతులు శిక్షణ లేనివాళ్లు నడిపిన బోట్ల మీదే. "అక్కడ నడిపేవాళ్లలో శిక్షణ లేనివాళ్లే ఎక్కువేమో నాన్నా" అన్నాడు మావాడు. న్యాయమైన ప్రశ్నే. అయినా నా మాట మార్చుకోను.

5. ఆన్‌సైట్ అంటూ ఆఫీసు పని మీద అమెరికా వెళ్లేవాళ్లకు ఒక మాట. అట్లాంటా దగ్గర లేనియర్ సరస్సు ఉంది కదా, అది జార్జియా రాష్ట్రంలోది. అక్కడ 1998 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లే మోటారు బోటుకు కోర్సు చేయాలి. మీ టీమ్ లీడు, మీ మేనేజరు చాలావరకు దానికి ముందే పుట్టి ఉంటారు. చట్టం అడగలేదు కదా అని వీల్ వాళ్ల చేతిలో పెట్టకండి. ప్రమాదం అక్కడా జరుగుతుంది: 2024 మార్చిలో ఫ్లోరిడాలో జెట్ స్కీలు ఢీకొని మన తెలంగాణ విద్యార్థి ఒకరు చనిపోయారు.

6. ఈ ఆదివారం దుర్గం చెరువుకు వెళితే బోటు ఎక్కకముందే అడగండి: ఇందులో ఎంతమంది పడతారు, బోల్తా పడితే మా దగ్గరకు ఎవరొస్తారు, ఎంతసేపట్లో? నవ్వితే నవ్వనీయండి. జవాబు రాకపోతే కేబుల్ బ్రిడ్జి మీదికెళ్లి చెరువు చూసి వచ్చేయండి, టీ మా ఇంట్లో తాగుదాం.