ఎలక్ట్రిక్ కత్తికి సాన పట్టవచ్చా?
వంటింటి పరికరాలు: సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: మా ఎలక్ట్రిక్ కత్తి కొని మూడేళ్లయింది. బ్రెడ్డు తెగకుండా నలిగిపోతుంటే బజార్లో సాన పట్టించాను. ఆ తర్వాత ఇంకా పాడైంది. ఇప్పుడేం చేయాలి?
– ఒక గృహిణి, రూవి, మస్కట్

జవాబు: సాన పట్టించడమే దాన్ని దెబ్బతీసిందమ్మా. ఈ కత్తికి ఉండేవి జంట బ్లేడ్లు. ఒకటి ముందుకు పోతుంటే రెండోది వెనక్కి వస్తుంది. వాటి అంచున ఉండేవి రంపపు పళ్లు. లోపలి ముఖాలు రెండూ చదునుగా, ఒకదాన్నొకటి ఆనుకుని జారుతుండాలి. ఆ చదును ముఖం సానరాయికి తగిలి అరిగితే మధ్యలో సందు పడుతుంది, పళ్లూ అరిగిపోతాయి. మీ కత్తికి ఇక కొత్త బ్లేడ్లే దారి. అదే మోడల్‌వి జతగా కొనండి. పాతదొకటి, కొత్తదొకటి కలిపి వాడకండి.

ఇంకా సాన పట్టించని వారికి ఒక మాట. మొద్దుబారిందని నా దగ్గరికి తెచ్చే కత్తుల్లో చాలావాటికి పదును బాగానే ఉంటుంది. రెండు బ్లేడ్ల నడుమ కొవ్వు, బ్రెడ్డు పొడి ఎండి గట్టిపడి ఉంటాయి. బ్లేడ్లు తీసి గోరువెచ్చని సబ్బు నీళ్లలో కాసేపు నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో లోపలి ముఖాలు రుద్దండి. అప్పటికీ తెగకపోతే, పళ్లు పెద్దవైతేనే, సన్నని గుండ్రటి ఆకురాయితో ఏటవాలుగా ఉన్న బయటివైపు ఒక్కో పల్లంలో రెండు మూడుసార్లు మెల్లగా రాయండి. చదునువైపు ముట్టుకోవద్దు. పళ్లు మరీ సన్నవైతే ఆ ప్రయత్నమే వద్దు.

ప్రశ్న: ఒమన్‌లో ఆగస్టు 15 నుంచి అక్టోబరు 15 వరకు వంజరం పట్టడం నిషేధం కదా. ముందే కొని ఫ్రీజర్లో దాచుకుంటాం. ఆ గడ్డకట్టిన చేపను ఈ కత్తితో కోయవచ్చా?
– ఒక పాఠకుడు, సొహార్

జవాబు: వద్దండీ. గడ్డకట్టిన మాంసమైనా, చేప వెన్నుముల్లైనా ఈ కత్తి పళ్లను విరిచేస్తాయి, మోటారు మీద భారం వేస్తాయి. కొన్న రోజునే చేపల మార్కెట్లో చక్రాల్లా కోయించి, ఒక పూటకు సరిపడా పొట్లాలు కట్టి ఫ్రీజర్లో పెట్టుకోండి. ముల్లు తీసి, పూర్తిగా కరిగిన కండను మాత్రం ఇది చక్కగా పలచటి ముక్కలు చేస్తుంది. మీ కత్తిని ఆపకుండా ఎంతసేపు నడపవచ్చో దాంతో వచ్చిన పుస్తకంలో చూడండి. చాలా కత్తులకు అది రెండు మూడు నిమిషాలే. పిడి వేడెక్కితే ఆపి, పూర్తిగా చల్లారనివ్వండి.

ప్రశ్న: ఖరీఫ్ రోజుల్లో బ్లేడ్ల మీద గోధుమరంగు చుక్కలు వస్తున్నాయి. స్టీలుకు తుప్పు పడుతుందా?
– ఒక గృహిణి, సలాలా

జవాబు: పడుతుందమ్మా. స్టెయిన్‌లెస్ స్టీలు కూడా ఉప్పుకు, ఆరని తడికి లొంగుతుంది. జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా మీ ఊరిని కమ్ముకునే జల్లు, మంచు, సముద్రపు గాలి దానికి చాలు. వంట సోడాను నీళ్లతో ముద్దచేసి మెత్తని గుడ్డతో రుద్దితే చుక్కలు పోతాయి. స్టీలు పీచు వాడొద్దు. కడిగాక బ్లేడ్లు విడివిడిగా తుడిచి, ఆరాక పొడిగుడ్డలో చుట్టి దాచండి. పిడికి బిగించి వదిలేయకండి. పిడిని కుళాయి కింద పెట్టకుండా తడిగుడ్డతో తుడిస్తే చాలు.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికా నుంచి ఎలక్ట్రిక్ కత్తి తెచ్చింది. అడాప్టర్ పెట్టి వాడుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, అల్ ఖువైర్

జవాబు: ముందు పిడి మీద రాసింది చదవండి. 120 వోల్టులని మాత్రమే ఉంటే ఇక్కడి 240 వోల్టులకు మోటారు కాలిపోతుంది. అడాప్టర్ పిన్నులను మారుస్తుందే గాని వోల్టేజిని మార్చదు. ఇండియా నుంచి తెచ్చుకున్న 230 వోల్టుల కత్తి అయితే ఇక్కడి మూడు చదరపు పిన్నుల ప్లగ్గుతో నిశ్చింతగా పనిచేస్తుంది.

చివరిగా అందరికీ ఒక విన్నపం. బ్లేడు బిగించే ముందు, తీసే ముందు ప్లగ్గు ఊడదీయండి. మీట ఆపాం కదా అనుకోవద్దు. పిడి పట్టుకోగానే మన వేలు పడేది ఆ మీట మీదే.