నడుము మీద నల్లగీత

చెల్లెమ్మా, కామాఠిపురా చాల్‌లో ఉక్కపోత మనకేం కొత్త? తెల్లారి నీళ్లు పట్టింది మొదలు రాత్రి గిన్నెలు కడిగేదాకా చీర ఒంటి మీదే. ఎక్కడ జారుతుందోనని లంగా నాడా గట్టిగా బిగిస్తాం. నడుము మీద నల్లగీత పడుతుంది, దురద పెడుతుంది, ఒక్కోసారి పుండవుతుంది. 'చీర క్యాన్సరట' అని ఎవరో అనగానే గుండె దడదడలాడుతుంది కదూ?

ముందు కాస్త కుదుటపడు. అది ఉన్నమాట నిజమే, కానీ చాలా అరుదు. పరేల్ టాటా ఆస్పత్రిలో ఖానోల్కర్, సూర్యాబాయి అనే పరిశోధకులు 1945లోనే నడుము మీద ధోవతి కట్టే చోట వచ్చే క్యాన్సర్ గురించి రాశారు. ఈ ఊరి ఇళ్లు కట్టడానికొచ్చిన మన కామాటి తాతలూ ధోవతి బిగించినవాళ్లే. గీత పడ్డవాళ్లందరికీ క్యాన్సరొచ్చిందా? లేదే!

క్యాన్సర్ ఒక్కరోజులో పుట్టేది కాదని ప్రయోగాల్లో చిట్టెలుకలు చూపించాయి. వాటి వీపు మీద క్యాన్సర్ తెచ్చే రసాయనం ఒక్కసారి, కొద్దిగా పూస్తే మామూలుగా గడ్డ లేవదు. ఆపైన చర్మాన్ని రేపే మరో మందు వారాల తరబడి పూస్తేనే లేస్తుంది. ఆ రెండోదాని బదులు గాయం చేసినా గడ్డలు లేచాయి. అందుకే ఒకేచోట చర్మాన్ని మళ్లీ మళ్లీ రేపకూడదు. ఆ రాపిడి ఆపడం మన చేతిలో పనేగా?

'పసుపు రాస్తే పోదా అక్కా' అంటావు, తెలుసు. 1992లో పరేల్ క్యాన్సర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు అజుయినే, భిడే చిట్టెలుకలకు మేతలో పసుపు కలిపి పెట్టి చూశారు. రసాయనాలతో వచ్చే కడుపు గడ్డలు, చర్మం గడ్డలు తగ్గాయి. కానీ అది మేతలో తినిపించిన పసుపు, అదీ ఎలుకలకు. కూరలో వేసుకో, మానని పుండుకి మాత్రం అద్దకు.

సన్న నాడా తీసేసి వెడల్పు పట్టీ కుట్టించుకో. ముడి రోజూ ఒకేచోట పడకుండా కాస్త పైకీ కిందికీ జరుపు. రాత్రి వదులు చేసి, చెమట తుడిచి ఆరనియ్యి. మూడు నాలుగు వారాలైనా పుండు మానకపోయినా, అంచులు లేచినా, రక్తం కారినా నాయర్ ఆస్పత్రి చర్మం డాక్టరుకి చూపించు. నడుము చూపించడానికి సిగ్గేంటి? వదినను తోడు తీసుకెళ్లు. అత్తమ్మకు కూడా ఇలాంటి పుండేమైనా ఉందేమో అడుగు, పెద్దవాళ్లు నోరు తెరిచి చెప్పరు. ఈ ఆదివారమే అడగాలి, సరేనా?