పాత కారు పంకా: మరమ్మతు నిర్ణయించిన విధము

మా తల్లిని వారమున కొకసారి ఉయ్యూరునుండి విజయవాడలోని వైద్యశాలకు తోడ్కొని పోవలసివచ్చుటచే, రెండేండ్ల క్రిందట నేనొక పాత కారును కొంటిని. నాకంటె ముందు అది ఇరువురి చేతులలో నడచినది. రంగు బాగుగ నుండెను. తలుపులు సరిగా పడుచుండెను. అంతకుమించి పరీక్షించు తెలివి నాకప్పుడు లేదు. తాళపుచెవి త్రిప్పినతోడనే, ఇంజను కదలకమునుపే, ముందుభాగమునుండి గాలిచప్పుడు వినవచ్చెడిది. ఆ చప్పుడు ఆ బండి స్వభావమని తలచి ఊరకుంటిని. చదువరులు దానిని జ్ఞాపకముంచుకొనవలెను. ఈ పాఠమున కంతకును అదియే మూలము.

మే నెలలో ఒక దినమున, పదునొకండు గంటలవేళ, బెంజి సర్కిలువద్ద బండ్లు క్రిక్కిరిసి నిలిచిపోయెను. చెన్నై నుండి కలకత్తా పోవు రహదారియు, హైదరాబాదునుండి మచిలీపట్టణము పోవు రహదారియు కలియుచోటు గనుక అచ్చట అట్లు నిలుచుట వింతకాదు. పది నిమిషములలో ఉష్ణమానమును చూపు ముల్లు ఎఱ్ఱగీటువైపునకు ప్రాకెను. కొంతసేపటికి బండి మూతసందులనుండి ఆవిరి వెడలెను. ఇంజను నాపి, మా తల్లిని దింపి, ఒక దుకాణపు నీడను కూర్చుండబెట్టితిని. "నాయనా, నీళ్లు కాగుతున్నట్టుందే" అని ఆమె యనెను. ఆమె మాటలో శాస్త్రదోషమేమియు లేదు.

దారిన పోవు నొకాయన జాలిపడి, రేడియేటరు మూత తీయబోయెను. నేను చేయి పట్టుకొని ఆపితిని. విద్యార్థులు ఈ సంగతి తప్పక నేర్చుకొనవలెను. బహిరంగముగ నున్న నీరు 100 డిగ్రీలవద్ద మరుగును. రేడియేటరు మూత లోపలి ఆవిరిని బిగబట్టి, సుమారు మఱియొక వాతావరణపీడనమును అదనముగ నిలుపును. అందుచే లోపలి నీరు సుమారు 120 డిగ్రీలవరకు మరుగక నిలువగలదు. అట్టి సమయమున మూత తీసినయెడల, పీడనము తొలగి, ఆ నీటిలో కొంతభాగము తృటిలో ఆవిరియై మీదికి చిమ్మును. ముఖము, చేతులు కాలును. ఇంజను చల్లారి, పైగొట్టమును చేతితో పట్టుకొనగలిగిన పిమ్మటనే మూత తీయవలెను. కాగిన ఇంజనులో చన్నీరు పోయుటయు కూడదు, లోహము బీటలువాఱవచ్చును.

ఇంజను ఇట్లు కాగుటవలన నష్టమేమి? పెక్కు కార్లలో ఇంజను దిమ్మె పోతయినుముతోను, దాని తల అల్యూమినియముతోను చేయబడియుండును. ఒకే వేడికి అల్యూమినియము పోతయినుముకంటె సుమారు రెండురెట్లు సాగును. హద్దుమీఱి వేడెక్కినచో తల వంకరపోవును. రెంటినడుమ నుండు గాస్కెట్టు చెడును. నీరు నూనెలోనికి దిగును. అప్పుడు మరమ్మతు వ్యయము పంకా వెలతో పోల్చదగినది కాదు, పాత బండి వెలతోనే పోల్చవలసివచ్చును.

ఇక రోగనిర్ణయము. ఆ దినమంతయు ఉయ్యూరునుండి కంకిపాడు, పోరంకి మీదుగా వచ్చునప్పుడు ముల్లు నడిమిగీటు దాటలేదు. బండి నిలిచిన తరువాతనే అది లేచెను. ఈ యొక్క సంగతియే సగము నిర్ణయమును చేసిపెట్టును. బండి వేగముగ పోవునప్పుడు ఎదురుగాలి రేడియేటరు రెక్కలగుండ తనంతట తానే పోవును, పంకాతో పనిలేదు. నిలిచినప్పుడు ఆ గాలిని లాగవలసినది పంకా. కావున వేగమున చల్లగనుండి నిలిచినప్పుడు కాగు బండికి పంకాను శంకింపవలెను. వేగముననే కాగు బండికి రేడియేటరు పూడికయో, నీటిపంపు దోషమో, నీటి కొఱతయో యుండును. మన డెల్టాలో ఈ రెండవజాతి రోగమునకు మనమే కారకులము. కాలువనీటిని ముంచి రేడియేటరులో పోయుదుము. ఒండ్రు అడుగున దిగును. సముద్రపు దాపున బావినీరు పోయుదుము. ఉప్పు లోపల పట్టును. కోతల కాలమున ఊక, గడ్డి, పురుగులు ముందువైపు రెక్కలలో చిక్కుకొనును. శుద్ధజలముతో కలిపిన కూలెంటే దానికి తగిన ఆహారము.

వేసవియందే ఈ దోషము బయటపడుటకును కారణము కలదు. వేడివస్తువు తన వేడిని గాలికిచ్చు వేగము, రెంటి ఉష్ణమానముల భేదము ననుసరించియుండునని న్యూటను 1701లో ప్రకటించెను. రేడియేటరులోని నీరు 95 డిగ్రీలు, గాలి 30 డిగ్రీలు అనుకొనుడు; భేదము 65. అదే గాలి 45 డిగ్రీలైనచో భేదము 50. అనగా అదే రేడియేటరు, అదే గాలితో, వేసవి మధ్యాహ్నమున సుమారు మూడువంతులు మాత్రమే పనిచేయును. చలికాలమున సగము చచ్చిన పంకాతో నడచిన బండి మే నెలలో నడువనేరదు.

మఱునాడు దారిలోని యొక దుకాణమున చూపగా, పంకాకు పోవు తీగలో ఫ్యూజు కాలినదని చెప్పి, క్రొత్తది వేసిరి. చప్పుడు మరల వినవచ్చెను. సంతసించితిని. నాలుగవనాడు అదియు కాలెను. అప్పుడు నాకు మూడు సలహాలు వచ్చెను. ఆ దుకాణమువాడు 20 ఆంపియర్ల ఫ్యూజు తీసి 30 ఆంపియర్లది వేసెదననెను. మిత్రుడొకడు రేడియేటరు, పంకా, చట్రము కలిపి మొత్తము మార్చివేయుమనెను. మఱియొకడు థర్మోస్టాటును పీకి పారవేయుము, మన ఎండలకు అది యెందుకనెను.

కడపటి సలహా మిక్కిలి వ్యాపించినది గాన దానికి ముందు సమాధానము చెప్పెదను. థర్మోస్టాటు నీటిదారిలోని చిన్న తలుపు. ఇంజను సుమారు 82 డిగ్రీలు చేరువఱకు మూసియుండి, పిమ్మట తెఱచుకొనును. చల్లని ఇంజను త్వరగా తగిన వేడికి వచ్చుటకై దాని నమర్చిరి. అది మూసికొని బిగిసిపోయినచో మార్చవలెను. బాగుగనున్నదానిని తీసివేసినచో పెట్రోలు ఎక్కువ కాలును, ఇంజను త్వరగా అరగును; నిలిచిన బండికి గాలిమాత్రము రాదు.

పెద్ద ఫ్యూజు సలహా అపాయకరము. తీగలో పుట్టు వేడి, అందు ప్రవహించు విద్యుత్తుయొక్క వర్గము ననుసరించియుండునని మన పదవతరగతిలోనే చెప్పుదుము. 20కి బదులు 30 ఆంపియర్లు పోయినచో వేడి రెండుంబావు రెట్లగును. ఫ్యూజు కాలకుండిన, తీగ కాలును. తీగ బండిలోపల నున్నది. బండిలో మా తల్లి యున్నది. ఫ్యూజు కాలుట రోగముకాదు. కాపలావాడు కేకవేసినందుకు వాని నోరు మూయుట ఎట్టిదో పెద్ద ఫ్యూజు వేయుట అట్టిది.

ఆ ఆదివారము తీరుబడి చూచుకొని, నేనే కొంత పరీక్షించితిని. ముందుగా బ్యాటరీ తీగ విప్పితిని. కొన్ని బండ్లలో తాళము తీసిన పిమ్మటను పంకా హఠాత్తుగ తిరుగును, వ్రేళ్లు పోవును. చేతితో పంకారెక్కను త్రిప్పగా అది సుళువుగ తిరుగక, గరగరమని పట్టుచుండెను. ఒక రెక్క అంచు విరిగియుండెను. అంతవఱకు తెలిసికొని, బండిని పటమట చెంతనున్న ఆటోనగరునకు గొనిపోయితిని.

ఆటోనగరు చూడని విద్యార్థులుండిన ఒకమారు చూడవలెను. బండ్ల మరమ్మతులకని ప్రత్యేకముగ నేర్పడిన ఆ పేటలో ఒకడు తీగలపని మాత్రమే, ఒకడు రేడియేటర్లు మాత్రమే, ఒకడు స్ప్రింగులు మాత్రమే చేయును. నేను పోయిన మేస్త్రీ వృద్ధుడు, తీగలపనివాడు. ఆయన ముందుగా ఏమియు విప్పలేదు. "మాస్టారూ, తాళం తిప్పగానే తిరుగుతుందా, వేడెక్కాక తిరుగుతుందా?" అని యడిగెను. తిప్పగానే తిరుగునంటిని. ఆయన నవ్వి, బండి క్రిందికి వంగి, నల్లని టేపు చుట్టిన యొక తీగను చూపెను. "ఎవరో డైరెక్టు ఇచ్చేశారండీ" అనెను.

డైరెక్టన నేమి? పూర్వపు బండ్లలో, 2014లో నిర్మాణము నిలిచిన అంబాసిడరు వంటివానిలో, పంకాను ఇంజనే బెల్టుద్వారా త్రిప్పెడిది. 1983లో వెలువడిన మారుతి 800 వంటి చిన్నకార్లలో ఇంజను అడ్డముగ నుండుటచే బెల్టుకు వీలుచాలక, పంకాకు ప్రత్యేకముగ విద్యుత్తు మోటారు నమర్చిరి. నీరు సుమారు 95 డిగ్రీలకు రాగానే, రేడియేటరుకు బిగించిన ఉష్ణపు స్విచ్చి కలియును. దాని సైగపై రిలే యనునది బ్యాటరీనుండి మోటారుకు విద్యుత్తు నిచ్చును. నీరు కొంత చల్లబడగానే స్విచ్చి విడిపోవును, పంకా ఆగును. నా బండిలో ఆ స్విచ్చి ఎప్పుడో చచ్చినది. దాని వెల స్వల్పము. అయినను మునుపటి యజమానుడు దానిని మార్పింపక, తాళమునుండి మోటారుకు నేరుగ తీగ వేయించెను. నాటినుండి పంకా అవసరమున్నను లేకున్నను, తెల్లవారుజామున చలిలోను, బందరు రోడ్డుమీద ఎదురుగాలిలోను, ఆగక తిరిగితిరిగి అరిగినది.

మేస్త్రీ క్లాంపు మీటరు పెట్టి చూపెను. మంచి మోటారు 10 ఆంపియర్లకు లోబడి తీసికొనవలసినచోట ఇది 18 తీసికొనుచుండెను. అరిగిన మోటారు తక్కువ పనిచేయుచు ఎక్కువ విద్యుత్తు నేల త్రాగును? తిరుగుచున్న మోటారు తనలో ఎదురు విద్యుత్తును పుట్టించి, వచ్చు ప్రవాహమును తగ్గించుకొనుచుండును. బుష్షులు పట్టి నెమ్మదిగ తిరిగినచో ఆ యెదురు తగ్గును, ప్రవాహము పెరుగును, ఫ్యూజు కాలును.

నిర్ణయ మిప్పుడు నాది. తుక్కుబండినుండి తీసిన మోటారు క్రొత్తదాని వెలలో మూడవవంతునకే దొరకును. అయితే అది ఎన్నియేండ్లు తిరిగినదో చెప్పువారు లేరు, నా మోటారును పైకి చూచినవారును దాని చరిత్ర చెప్పలేకపోయిరి. బుష్షులు, కార్బను బ్రష్షులు మార్చుట చౌక. నిజము చెప్పవలెనన్న నా మనసు దానిమీదనే యుండెను. మోటారు విప్పి చూడగా బ్రష్షులు రాచుకొను రాగికట్టు గాడిపడి, సన్నగిలియుండెను. దానిపై క్రొత్త బ్రష్షులు నిలువవు. మొత్తము చట్రముతో మార్చుటకు కారణమే లేదు. రేడియేటరు శుభ్రముగ నున్నది, చుట్టునుండు తొడుగు చెక్కుచెదరలేదు. ఆ తొడుగును అనవసరమని తీసివేయువారు కలరు. అది లేనిచో పంకా రేడియేటరు గాలిని లాగుటకు మాఱు, తన చుట్టునున్న గాలినే త్రిప్పుచుండును.

కావున క్రొత్త మోటారు, క్రొత్త రెక్కలు, క్రొత్త ఉష్ణపు స్విచ్చి కొంటిని. డైరెక్టు తీగ తీయించి, రిలేను దాని పూర్వపు స్థానమున పనిలోనికి తెప్పించితిని. 20 ఆంపియర్ల ఫ్యూజే వేయించితిని. మోటారు మాత్రము మార్చి స్విచ్చిని మఱచినయెడల, క్రొత్తదియు పాతదాని దారినే పోయియుండెడిది. మీ యిండ్లలో నేటి బండ్లున్నచో ఒక హెచ్చరిక: వానిలో పంకాను చిన్న కంప్యూటరు నడపును గనుక, తీగలను ఊహపై కలిపి చూచుట తగదు.

పని ముగిసిన పిమ్మట మేస్త్రీ చేసిన పరీక్షను మీరును చేయవచ్చును. బండిని నీడను నిలిపి, ఇంజను నడుపుచు వేచియుంటిమి. ముల్లు నడిమిగీటు దాటగానే పంకా తిరిగెను. ఆయన ఒక కాగితపు ముక్కను రేడియేటరు ముందువైపున ఉంచి వదలెను. అది పడక అంటుకొని నిలిచెను. తీగలు తారుమారైనచో పంకా వెనుకకు తిరిగి, ఎదురుగాలితో పోరాడును, కాగితము ఎగిరిపోవును. రెండు నిమిషములలో పంకా ఆగెను. మరల తిరిగెను, మరల ఆగెను. మూడుమారులు చూచి, ఆయన చేతులు తుడుచుకొనెను.

మఱువారము మరల బెంజి సర్కిలువద్దనే నిలిచితిమి. పంకా తిరిగి, కొంతసేపటికి ఊరకుండెను. మా తల్లి ఉలిక్కిపడి, "నాయనా, చప్పుడు ఆగిపోయిందే! మళ్లీ చెడిపోయిందా?" అని యడిగెను. ముల్లు వైపు చూపితిని. అది నడిమిగీటుకు క్రిందుగ నిలిచియుండెను.